ఇంగ్లండు నగరంలో ఉంటున్న మన పిల్లలు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయడం ఎలా

మా కోనసీమలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే హైదరాబాదు, బెంగళూరుల నుంచి పిల్లలు రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి రావులపాలెంలో దిగుతారు. 2021 ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికల్లోనూ సర్పంచి ఓటు కోసం అలా వచ్చినవారు మా వీధిలోనే ఉన్నారు. అదే ఇళ్ళ నుంచి లెస్టరుకో, బర్మింగ్‌హామ్‌కో, మాంచెస్టరుకో వెళ్ళిన పిల్లల్లో చాలామంది మాత్రం, తాము ఉంటున్న నగరంలో కౌన్సిల్ (మన మునిసిపాలిటీలాంటిది) ఎన్నికలు జరుగుతుంటే అది ఆ దేశస్థుల వ్యవహారమనుకొని ఊరుకుంటున్నారు. నిజానికి వారికి అక్కడ ఓటు హక్కు ఉంది. ఆ సంగతి తెలియక పోగొట్టుకుంటున్నారన్న బాధతోనే, మా అమ్మాయి ఓటు నమోదు చేసుకున్నప్పుడు పక్కన కూర్చొని తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

చాలావరకు ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న దేశాల కూటమి అయిన కామన్వెల్త్‌లో భారతదేశం సభ్యదేశం. బ్రిటన్‌లో నివాసముంటూ, అక్కడ ఉండేందుకు చెల్లుబాటయ్యే వీసా కలిగి, 18 ఏళ్ళు నిండిన కామన్వెల్త్ పౌరులు స్థానిక ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. చదువు వీసా అయినా ఉద్యోగ వీసా అయినా సరే, బ్రిటిష్ పౌరసత్వం తీసుకోవలసిన అవసరం లేదు. అదే వీధిలో ఉంటున్న అమెరికా పౌరుడికి ఈ హక్కు లేదు. పురుటికో, పిల్లలను చూడటానికో సందర్శక వీసా మీద వెళ్ళే మనలాంటి పెద్దలకు కూడా లేదు, ఎందుకంటే మన నివాసం అక్కడ కాదు.

ఈ ఓటు ఎందుకు అని అడిగే పిల్లలకు చెప్పవలసినది చాలా ఉంది. చెత్త డబ్బాలు తీసుకెళ్ళడం, వీధి దీపాలు, పార్కులు, గ్రంథాలయాలు, ఇంటి ముందు కారు నిలుపుకొనే పర్మిట్లు, ముసలివారి సంరక్షణ, ఇల్లు పెంచి కట్టుకోవడానికి అనుమతి, ఇవన్నీ నగర కౌన్సిల్ చేతిలో ఉంటాయి. వాటికి డబ్బు కొంతవరకు కౌన్సిల్ టాక్స్ నుంచి వస్తుంది. మన ఇంటి పన్నులాంటిదే అయినా దీన్ని ఇంటి యజమాని కాక, సాధారణంగా ఇంట్లో ఉంటున్నవారు కట్టాలి. 1991 నాటి ఇంటి విలువనుబట్టి ‘ఎ’ నుంచి ‘హెచ్’ వరకు తరగతులుగా విభజించి వసూలు చేస్తారు. ఇంట్లో అందరూ పూర్తికాలపు విద్యార్థులైతే మినహాయింపు ఉంది, ఒక్కరే ఉంటే నాలుగోవంతు తగ్గింపు ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఈ పన్ను బరువు తెలిసివస్తుంది కాబట్టి, అది ఎలా ఖర్చవుతోందో అడిగే హక్కును వదులుకోవడం తగదు.

ముందుగా ఓటరు జాబితాలో పేరు చేర్చుకోవాలి. మన దగ్గర ఇంటికి వచ్చి అందరి పేర్లూ రాసుకొనే అలవాటు ఉండటం వల్ల, ఇంటివాళ్ళెవరో రాయించి ఉంటారులే అని పిల్లలు అనుకుంటారు. ఇంగ్లండులో 2014 నుంచి ఎవరి నమోదు వారే చేసుకోవాలి. ఒకే ఇంట్లో నలుగురు కుర్రాళ్ళు అద్దెకుంటే నాలుగు దరఖాస్తులు వెళ్ళాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో అయిదు నిమిషాల్లో పూర్తయ్యే పని ఇది. చిరునామా, పుట్టిన తేదీ, జాతీయత, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్నులు, సామాజిక భద్రత లెక్కల కోసం ప్రభుత్వం ఒక్కొక్కరికి ఇచ్చే నంబరు) అడుగుతారు. జాతీయత దగ్గర సంకోచించకుండా భారతీయుడనే రాయాలి, ఓటు హక్కు వచ్చేది అందువల్లనే. విద్యార్థులకు ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాకపోయి ఉండవచ్చు. అప్పుడు లేదని కారణం రాస్తే సరిపోతుంది, కౌన్సిల్‌వారు పాస్‌పోర్టులాంటి మరో ఆధారం అడగవచ్చు. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్ళీ నమోదు చేసుకోవాలి. పేరు అందరూ కొనుక్కోగలిగే బహిరంగ జాబితాలో కనబడకూడదనుకుంటే, దరఖాస్తులోనే వద్దని చెప్పవచ్చు. జాబితాలో పేరుండటం వల్ల బ్యాంకులు అప్పిచ్చే ముందు చిరునామాను సులువుగా నిర్ధారించుకుంటాయి, కాబట్టి ఓటు మీద ఆసక్తి లేని పిల్లవాడికి కూడా నమోదు మేలే చేస్తుంది.

గడువు విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పోలింగుకు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో నమోదు ముగుస్తుంది. సెలవులు, శని ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి అది రెండున్నర వారాల దాకా వెనక్కి పోతుంది. 2023 మే 4న జరిగిన ఎన్నికలకు ఏప్రిల్ 17నే గడువు ముగిసింది. ఉగాది నాడు ఫోను చేసినప్పుడు పచ్చడి చేసుకున్నారా అని అడిగే నోటితోనే ఓటు నమోదు చేసుకున్నారా అని కూడా అడిగితే, తొందర లేకుండా పని జరుగుతుంది.

అన్ని నగరాల్లో ఏటా ఎన్నికలు ఉండవు. లెస్టరులో 54 మంది కౌన్సిలర్లనూ నాలుగేళ్ళకొకసారి ఒకేమారు ఎన్నుకుంటారు, మేయరునూ ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. మాంచెస్టరులో 32 వార్డులు, వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లు. సాధారణంగా ఏడాదికి ఒక్కరి స్థానం చొప్పున మూడేళ్ళు ఎన్నికలు జరిగి, నాలుగో ఏడు ఖాళీగా ఉంటుంది. పిల్లలు తమ వార్డు పేరేమిటో, ఈ ఏడాది ఎన్నిక ఉన్నదో లేదో కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోవాలి.

2023 మే నుంచి ఇంగ్లండులో పోలింగు కేంద్రానికి ఫొటో ఉన్న గుర్తింపు పత్రం తీసుకెళ్ళడం తప్పనిసరి. కామన్వెల్త్ దేశాలిచ్చిన పాస్‌పోర్టు చెల్లుతుంది కాబట్టి మన పాస్‌పోర్టు చాలు. బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్సూ చెల్లుతుంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన కార్డు మాత్రం చెల్లదు. ఆ సంవత్సరం మే నెలలో నేను లెస్టరులో అమ్మాయి దగ్గర ఉన్నాను. సాయంత్రం ఆమె ఓటు వేయడానికి వెళ్తుంటే తోడు వెళ్ళి, చర్చి హాలు బయట నిలబడ్డాను. పాలకొల్లు నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రవాడొకడు కాలేజీ కార్డు పట్టుకొని లోపలికి వెళ్ళి, వెంటనే ముఖం చిన్నబుచ్చుకొని తిరిగివచ్చాడు. పోలింగు ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా ఉంటుంది, పాస్‌పోర్టు తెచ్చుకుంటే మళ్ళీ రానిస్తారు అని అమ్మాయి చెప్పింది. అరగంటలో పరుగున తెచ్చుకొని ఓటు వేశాడు. పాస్‌పోర్టు వీసా పనిమీద ఎక్కడికైనా పంపవలసి వస్తుందనుకుంటే, ఓటరు అథారిటీ సర్టిఫికెట్ అనే ఉచిత పత్రానికి, పోలింగుకు ఆరు పనిదినాల ముందు సాయంత్రం అయిదులోగా దరఖాస్తు చేసుకోవాలి.

పోలింగు ఆనవాయితీగా మే మొదటి గురువారం జరుగుతుంది, ఆ రోజు సెలవు ఉండదు. ఇంటికి వచ్చే పోల్ కార్డు మీద కేంద్రం చిరునామా ఉంటుంది. కార్డు పోయినా ఓటు పోదు. గుమ్మం దగ్గర పార్టీ రిబ్బను పెట్టుకొని ఓటరు నంబరు అడిగేవారు అధికారులు కారు, చెప్పనవసరం లేదు. లోపల వేలికి సిరా పూయరు, రబ్బరు ముద్ర ఉండదు, నోటా లేదు. దారానికి కట్టిన పెన్సిలుతో, నచ్చిన అభ్యర్థి పేరు పక్క గడిలో ఇంటూ గుర్తు వేయాలి. పెన్సిలు మీద నమ్మకం లేనివారు సొంత పెన్ను వాడుకోవచ్చు. ఎంతమందికి వేయవచ్చో పత్రం పైనే రాసి ఉంటుంది. ముగ్గురికి వేయవచ్చునన్నచోట ఒక్కరికే వేసినా చెల్లుతుంది, నలుగురికి వేస్తే మొత్తం చెల్లదు. పేరుగానీ సంతకంగానీ పత్రం మీద పెట్టకూడదు. రాత్రి పదికి వరుసలో నిలబడి ఉన్నవారిని తిప్పిపంపరు.

మన ప్రాంతం వారికి మరో చిక్కుంది. మే నెల మనకు పెళ్ళిళ్ళ కాలం. అన్న పెళ్ళికో, అక్క పెళ్ళికో భీమవరం, అమలాపురం వచ్చే పిల్లలు సరిగ్గా పోలింగునాడు ఇక్కడ ఉంటారు. పోస్టల్ ఓటు ఉంది గానీ, బ్యాలెట్ పత్రం మన ఊరికి వచ్చి, పోలింగు నాటికి తిరిగి చేరడం దాదాపు అసాధ్యం. అటువంటివారికి ప్రాక్సీ ఓటే, అంటే తమ తరఫున మరొకరి చేత ఓటు వేయించుకోవడమే దారి. అక్కడే ఉంటూ, ఓటు హక్కు ఉండి నమోదైన స్నేహితుడినో గదిలో ఉండేవారినో పెట్టుకొని, పోలింగుకు ఆరు పనిదినాల ముందు సాయంత్రం అయిదులోగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ వ్యక్తి తన గుర్తింపు పత్రంతో, మన పిల్లవాడి పోలింగు కేంద్రానికే వెళ్ళి వేయాలి. ఎవరికి వేయాలో ముందే స్పష్టంగా చెప్పి, మాట తప్పని మనిషినే ఎంచుకోవాలి.

గెలిచిన కౌన్సిలరు వార్డులో అప్పుడప్పుడు ప్రజలను కలవడానికి కూర్చుంటారు. దాన్ని సర్జరీ అంటారు, ఆసుపత్రికి దానితో సంబంధం లేదు. తమకు ఓటు వేసినవారా కాదా అని చూడకుండా వార్డులో ఎవరి ఫిర్యాదైనా వింటారు. మా అమ్మాయి తన వీధిలో నెలల తరబడి వెలగని దీపం సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు, స్తంభం మీది నంబరు రాసుకువెళ్ళింది. కౌన్సిలరు మొదట అడిగింది కూడా ఆ నంబరునే.