అష్టాచెమ్మా పిక్కలతో సంభావ్యత లెక్కలు ఎలా నేర్చుకోవాలి?

అనుకూల పర్యవసానాలు (మనం కోరుకున్న ఫలితాలు) పైన, మొత్తం పర్యవసానాలు (రాగల ఫలితాలన్నీ) కింద. సంభావ్యత సూత్రం ఇంతే, పిల్లలందరికీ నోటికి వచ్చు. తప్పు జరిగేది ఆ రెండు సంఖ్యలనూ లెక్కపెట్టే దగ్గర. అందుకే వేసవి సెలవుల్లో ఆమదాలవలస దగ్గర మా ఊళ్ళో తొమ్మిది, పది తరగతుల పిల్లలు లెక్కలు చెప్పమని వస్తే నేను ముందు పుస్తకం తెరవను. నాలుగు చింతపిక్కలు, ఒక సుద్దముక్క తెచ్చుకుని అరుగు మీద కూర్చోమంటాను.

పిక్కలను గరుకు బండ మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీయండి. రెండోవైపు నల్లగానే ఉంటుంది. పందెం, అంటే నాలుగు పిక్కలనూ ఒకసారి వేయడం, ఎలా లెక్కిస్తారో మామ్మనడిగినా చెబుతుంది: ఒక పిక్క తెల్లగా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ తెలుపైతే చెమ్మ, నాలుగూ నలుపైతే అష్ట. మీ ఊళ్ళో ఇంకో పద్ధతి ఉంటే అలాగే ఆడండి, మన లెక్కకు తేడా రాదు.

మొదటి పని: అన్ని పర్యవసానాలనూ రాయండి

"అష్ట పడే సంభావ్యత ఎంత?" అని అడిగితే ఎక్కువమంది 1/5 అంటారు. పందేలు ఐదు రకాలు, అందులో అష్ట ఒకటి కదా అని వాళ్ళ వాదన. ఆ ఐదింటికీ పడే అవకాశం సమానంగా ఉంటేనే ఆ జవాబు సరైనది. సమానంగా ఉందో లేదో చూడకుండా సూత్రం వాడకూడదు. ఈ అధ్యాయంలో పిల్లలకు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట ఇదే.

ఒక్కో పిక్కకు 1, 2, 3, 4 అని సుద్దతో గుర్తు పెట్టండి. తెలుపుకు తె, నలుపుకు న అని రాయండి. రెండు పిక్కలు తెల్లగా పడే తీరులు ఇవి: తెతెనన, తెనతెన, తెననతె, నతెతెన, నతెనతె, ననతెతె. మొత్తం 6. అష్టకు మాత్రం నననన ఒక్కటే. అంటే రెండు పడే అవకాశం, అష్ట పడే అవకాశం సమానం కావు.

ఇలా వరుస తప్పకుండా రాసే పద్ధతి మీకు కొత్తేమీ కాదు. తెలుగు క్లాసులో గురువులు, లఘువులు పెట్టి గణాలు కట్టారు కదా. మూడు అక్షరాల గణాలు య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిదే ఎందుకున్నాయి? ఒక్కో అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. అంటే 2×2×2 = 8. లెక్కల పుస్తకంలోని ప్రస్తారం అనే మాట ఛందస్సులోనూ ఉంది. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఈ లెక్కలను మేరుప్రస్తారంగా, అంటే మెట్లుమెట్లుగా దిగే సంఖ్యల పట్టికగా, పేర్చి చూపించాడు. అందులో నాలుగు అక్షరాలకు, గురువులు సున్నా నుంచి నాలుగు దాకా ఉండే తీరులను లెక్కపెడితే, వచ్చే వరుస 1, 4, 6, 4, 1. మన పిక్కలకూ అదే వరుస.

రెండో పని: గుణించాలా, కూడాలా?

రాజాం నుంచి విజయనగరం వెళ్ళాలి. రాజాంకు రైలు లేదు. చీపురుపల్లి దాకా బస్సు, ఆటో, నాన్న బండి అని 3 దారులు అనుకోండి. అక్కడి నుంచి విజయనగరానికి రైలు లేదా బస్సు, 2 దారులు. ఇదీ చేసి, తర్వాత అదీ చేయాలి కాబట్టి గుణించాలి: 3×2 = 6. రాజాంలో నేరుగా విజయనగరం బస్సు ఎక్కడం ఇంకో దారి. ఇలాగైనా అలాగైనా వెళ్ళవచ్చు కాబట్టి దాన్ని కూడాలి: 6+1 = 7.

నాలుగు పిక్కలకు 2×2×2×2 = 16.

మూడో పని: వరుస ముఖ్యమా?

ఐదుగురిలో ఒకరిని లీడరుగా, ఒకరిని సహాయ లీడరుగా ఎన్నుకుంటే 5×4 = 20 విధాలు. అదే బోర్డు తుడవడానికి ఇద్దరు కావాలంటే, ఎవరిని ముందు పిలిచినా జంట ఒకటే. కాబట్టి 20ని 2తో భాగించాలి, 10 వస్తుంది. పిక్కల్లో తెల్లవి ఏ రెండో ఎంచుకోవడమూ ఇలాంటిదే: 4×3÷2 = 6.

ఇప్పుడు సూత్రం వాడండి. ఒకటి 4/16, రెండు 6/16, మూడు 4/16, చెమ్మ 1/16, అష్ట 1/16. కూడి చూడండి, 16/16 రావాలి. రాకపోతే ఎక్కడో ఒకటి వదిలేశారన్నమాట.

నాలుగో పని: ఎదుటి వైపు నుంచి లెక్కించండి

మా ఇంట్లో అష్ట గానీ చెమ్మ గానీ పడితేనే కాయ దిగుతుంది, అంటే ఆటలోకి వస్తుంది. ఒక పందెంలో ఆ అవకాశం 2/16, అంటే 1/8. మూడు పందేల్లో కనీసం ఒక్కసారైనా కాయ దిగే అవకాశం ఎంత? 3/8 అనేయకండి. అసలు దిగకపోవడాన్ని ముందు లెక్కించండి: 7/8×7/8×7/8 = 343/512. దాన్ని 1 నుంచి తీసేస్తే 169/512, అంటే దాదాపు 0.33. ప్రశ్నలో "కనీసం" అనే మాట ఉంటే ముందు ఈ దారి చూడండి. ఇంకోటి, ఐదు పందేలు వరుసగా కాయ దిగకపోయినా ఆరో పందెంలో అవకాశం ఆ 1/8 మాత్రమే. పిక్కలకు జ్ఞాపకం ఉండదు.

ఐదో పని: నిజంగా వేసి చూడండి

ఇది మాత్రం మానేయకండి. 80 పందేలు వేసి, ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టండి. లెక్క ప్రకారం ఒకటి 20, రెండు 30, మూడు 20, చెమ్మ 5, అష్ట 5 సార్లు రావాలి. అచ్చంగా అవే రావు, అటూ ఇటూ అవుతాయి. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

కానీ చెమ్మలు మరీ ఎక్కువై, అష్టలు దాదాపు పడకపోతే పిక్కలను అనుమానించండి. అరగదీసిన పిక్క రెండువైపులా సమానంగా పడుతుందన్న హామీ లేదు. ఒక్కో పిక్క తెల్లగా పడే సంభావ్యత 0.5 బదులు 0.6 అయితే చెమ్మ 0.6×0.6×0.6×0.6 = 0.1296, అష్ట 0.4×0.4×0.4×0.4 = 0.0256. చెమ్మ అవకాశం అష్టకు ఐదు రెట్లు! పిక్కలో చిన్న తేడా పందెంలో ఇంత పెద్దదవుతుంది. అప్పుడు 16 పర్యవసానాలూ సమసంభవాలు (సమాన అవకాశం ఉన్నవి) కావు, 1/16 అనే జవాబు చెల్లదు. ఒక్కో పిక్కను విడిగా 50 సార్లు వేసి తెలుపు ఎన్నిసార్లు పడిందో రాసుకోండి. 25కు చాలా దూరంగా ఉన్నదాన్ని పక్కన పెట్టి, ఇంకో పిక్క అరగదీసి మళ్ళీ 80 పందేలు వేయండి.