ఐస్ మేకర్ ఆగిపోతే ముందు నీళ్ల దారి చూడండి

బైరాగిపట్టెడలో మాది రెండంతస్తుల ఇల్లు. ట్యాంకు మిద్దె మీద ఉంది, మేము మొదటి అంతస్తులో ఉంటాం. పోయిన ఏడాది మే నెలలో, మనవళ్లు సెలవులకు వచ్చిన వారంలోనే, మా రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఐస్ మేకర్ ఆగిపోయింది. తిరుపతి ఎండలు తెలిసినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం నన్నారి షర్బత్ కలుపుదామంటే డబ్బాలో రెండు ముక్కలు కూడా లేవు.

రిపేరుకు వచ్చినాయన ఫ్రీజర్ తలుపు తీసి చూసి, "ఐస్ మేకర్ మొత్తం మార్చాలమ్మా, తొమ్మిది వేలవుతుంది" అన్నాడు. నీళ్ల పైపును ఆయన ముట్టుకోనే లేదు. నాకు అదే బాధ కలిగించింది. 31 ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, కారణం తెలియకుండా వస్తువు మార్చడానికి మనసొప్పలేదు. రెండు రోజులు కూర్చుని వెతికితే తప్పు ఐస్ మేకర్‌ది కాదని తేలింది. ఇంకొకరి డబ్బు అలా పోకూడదని ఇది రాస్తున్నాను.

ఈ యంత్రం ఏం చేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఫ్రిజ్ వెనక, కింది భాగంలో ఒక వాల్వ్ ఉంటుంది. కరెంటు అందగానే అది తెరుచుకుని, కొన్ని సెకన్లు నీళ్లు వదిలి మూసుకుంటుంది. ఆ నీళ్లు ఒక సన్నని గొట్టం గుండా ఫ్రీజర్‌లోని ట్రేలో పడతాయి. బాగా గడ్డకట్టాక, కొన్ని మోడళ్లలో ట్రే మెలితిరిగి, కొన్నింటిలో కొద్దిగా వేడెక్కి, ముక్కల్ని కింది డబ్బాలోకి తోసేస్తుంది. డబ్బా నిండిందో లేదో ఒక లివరో సెన్సారో చూసుకుంటుంది. అంటే కావలసినవి మూడే: నీళ్లు, చల్లదనం, కరెంటు. మన ఊళ్లలో ఎక్కువగా తప్పేది మొదటిదే అని నా నమ్మకం.

తేలికవి ముందు చూసేయండి. ఐస్ డబ్బా కడిగి పెట్టేటప్పుడు లివర్ పైకి లేచి ఉండిపోయిందా? లేచి ఉంటే డబ్బా నిండిందనుకుని యంత్రం ఆగిపోతుంది. తలుపు మీది బటన్లలో ఐస్ ఆఫ్ అయి ఉందా? పిల్లలున్న ఇళ్లలో ఇది మామూలే. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఐస్‌క్రీమ్ చూడండి, మెత్తగా ఉందంటే చల్లదనం చాలడం లేదు. అప్పుడు తలుపు రబ్బరుకూ తలుపుకూ మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే ఆ సందులోంచి చల్లదనం పోతోంది. కొత్త ఫ్రిజ్ అయినా, చాలాసేపు కరెంటు పోయి వచ్చినా, ఒక రోజు పూర్తిగా ఆగాకే తప్పు వెతకండి.

ఇవన్నీ బాగున్నాయంటే బకెట్ తీసుకోండి.

ఫ్రిజ్ ప్లగ్ పీకేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు, పీకాలి. గోడ దగ్గర ఫ్రిజ్‌కు వెళ్లే నీళ్ల కుళాయి కట్టేసి, ఫ్రిజ్‌ను మెల్లగా ముందుకు జరపండి. వాటర్ ప్యూరిఫయర్‌కు వాడే తెల్లటి పావు అంగుళం పైపే దీనికీ ఉంటుంది. వాల్వ్ దగ్గర దాన్ని విప్పి, కొస బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పండి. మా ఇంట్లో లీటరు సీసా నిండడానికి దాదాపు మూడు నిమిషాలు పట్టింది. యంత్రం ట్రే నింపడానికి తీసుకునేది కొన్ని సెకన్లు. ఇలాంటి ధారతో ఆ సెకన్లలో ట్రే సగం కూడా నిండదు.

పైపులోనే ధార ఇంత సన్నగా ఉంటే, ఆ తరువాతి దారిలో ఇంకేం అడ్డుపడుతోంది? మొదట ఫిల్టర్ చూశాను. పెట్టి ఏడాది దాటింది. మామూలుగా ఆరు నెలలకు మార్చాలి. తీసి చూస్తే గోధుమ రంగు బురద పట్టి ఉంది. తరువాత వాల్వ్ నోట్లో ఉండే చిన్న జాలీ. దాని మీద బోరు నీళ్ల ఉప్పు తెల్లగా గట్టి పొరలా పేరుకుంది, మన గీజర్లోనూ బకెట్ల అంచుల మీదా కనిపించేదే. ఆ జాలీని గీకకండి, చిరిగిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే వదిలిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫ్రిజ్‌లో ఉండే బొగ్గు ఫిల్టర్ క్లోరిన్ వాసనను తీస్తుంది కానీ నీళ్లలో కరిగిన ఉప్పును తీయదు. నీళ్లు అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ ఉప్పునూ గాలినీ నడుమకు తోస్తాయి, అందుకే ముక్క మధ్యలో తెల్లగా ఉంటుంది. గ్లాసులో కరిగాక అడుగున తెల్లటి నలుసులు కనబడితే అవి ఆ ఉప్పులోని సున్నమే. అది యంత్రం తప్పు కాదు.

ఫిల్టర్ మార్చి, జాలీ కడిగాను. ఐస్ వచ్చింది. నాలుగో రోజు మళ్లీ ఆగిపోయింది. అసలు సంగతి అప్పుడే తెలిసింది.

ట్రేలోకి నీళ్లు పడే గొట్టం కొస దగ్గర టార్చ్ వేసి చూస్తే లోపల మంచు బిరడాలా బిగుసుకుని ఉంది. వాల్వ్ సరిగా మూసుకోక చుక్క చుక్కగా కారుతుంటే, ఆ చుక్కలు గొట్టంలోనే గడ్డకడతాయి. మరి వాల్వ్ ఎందుకు మూసుకోలేదు? అది గట్టిగా మూసుకోవడానికి వెనక నుంచి నీళ్ల ఫోర్సు కూడా కావాలి. ఫోర్సు చాలకపోతే లోపలి రబ్బరు పూర్తిగా అతుక్కోదు.

మా ఇంటి లెక్క వేశాను. పది మీటర్ల ఎత్తున్న నీళ్లు దాదాపు ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ, ఇస్తాయి. మా ట్యాంకు అడుగు నుంచి ఫ్రిజ్ వాల్వ్ వరకు సుమారు ఆరు మీటర్లు, అంటే 0.6 కేజీ. చాలా ఫ్రిజ్‌లకు కనీసం 1.4 కేజీ కావాలి, అంటే 14 మీటర్ల ఎత్తు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటివాళ్లకు ఇబ్బంది ఉండదు. మనలాంటి చిన్న మిద్దె ఇళ్లలో, అపార్ట్‌మెంట్ పై అంతస్తుల్లో అంత ఫోర్సు రాదు. గోడకు తగిలించిన ప్యూరిఫయర్ డబ్బా నుంచి పైపు లాగితే ఇంకా తక్కువ. ఫ్రిజ్ కొనేటప్పుడే ఈ మాట ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మంచు తీయడానికి కత్తి, స్క్రూడ్రైవర్ వాడకండి. మరిగే నీళ్లు పోసినా ప్లాస్టిక్ పగులుతుంది. ప్లగ్ పీకి, తలుపు తెరిచి పెట్టి, కింద తువ్వాలు పరిచి వదిలేస్తే కొన్ని గంటల్లో కరిగిపోతుంది. ఆ లోపు సామాన్లు పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. తొందరగా కావాలంటే హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి, తడి తగలకుండా దూరంగా పట్టుకోండి.

మా ప్లంబర్‌ను పిలిచి లెక్క చూపిస్తే, "అవును మేడమ్, దీనికి చిన్న పంపు పెట్టాల్సిందే" అన్నాడు. పైపు మధ్యలో చిన్న ప్రెషర్ పంపు బిగించాడు. పంపు కొంటే ప్రెషర్ చేరగానే దానంతటదే ఆగే స్విచ్ ఉన్నదే తీసుకోండి. మితిమీరిన ఫోర్సుకు పైపు కీలు ఊడితే ఇల్లంతా నీళ్లే. బిగించాక మొదటి రోజు ప్రతి కీలు కింద పొడి కాగితం పెట్టి చూడండి, తడిస్తే తెలిసిపోతుంది.

తరువాత పరీక్ష. చాలా మోడళ్లలో ఐస్ మేకర్ కింద టెస్ట్ బటన్ ఉంటుంది, పుస్తకం చూసి నొక్కండి. కింద ఒక స్టీలు గిన్నె పెట్టుకోండి. ట్రే తిరగాలి, ఆ తరువాత ఫ్రిజ్ వెనక వాల్వ్ జుయ్ మని మోగాలి, నీళ్లు పడాలి. మోగినా నీళ్లు రాకపోతే లోపం నీళ్ల దారిలోనో వాల్వ్‌లోనో ఉంది. మోగకపోతే వాల్వ్‌లోని తీగచుట్ట (కాయిల్) గానీ వైరు గానీ పోయి ఉండొచ్చు. ట్రే కదలనే కదలకపోతే మోటారు సంగతి చూడాలి. ఈ చివరి రెండింటికీ మెకానిక్‌ను పిలవండి, వైర్లు మీరు విప్పొద్దు. ఆయన వచ్చాక మీరు చూసినవన్నీ వరసగా చెప్పండి. వాల్వ్ ఒక్కటే పోయినా యంత్రం మొత్తం మార్చాలంటే, ఎందుకని అడగండి.

కొత్త ఫిల్టర్ పెట్టాక మొదటి రెండు మూడు విడతల ఐస్ తాగడానికి వాడకండి, బొగ్గు పొడి వస్తుంది. నేను వాటిని మిద్దె మీది మల్లె చెట్టు మొదట్లో వేశాను. ఫిల్టర్ మార్చిన తేదీని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ పక్కన అతికించాను. ఈసారి మార్చేటప్పుడు జాలీ కూడా తీసి చూడాలని దాని కిందే రాసుకున్నాను.