బైపోలార్ ఉంటే పెద్ద నిర్ణయం ఎలా తీసుకోవాలి?

బైపోలార్ డిజార్డర్ (మూడ్ కొన్నాళ్లు బాగా పైకి ఎగిరి, కొన్నాళ్లు బాగా కుంగిపోయే జబ్బు) ఉన్నవాళ్లకు నిర్ణయాల విషయంలో దొరికే సలహాలు రెండే. "నీ మనసుకు ఏది అనిపిస్తే అది చెయ్యి" అంటారు స్నేహితులు. "నువ్వేం పెట్టుకోకు, అన్నీ మేం చూసుకుంటాం" అంటారు ఇంట్లోవాళ్లు. మొదటి సలహా విని నేను ఒకసారి రాత్రి రెండు గంటలకు ఉద్యోగానికి రాజీనామా పంపేశాను. రెండో సలహా విని ఏడాదికి పైగా ఒక్క కాగితం మీద కూడా సొంతంగా సంతకం పెట్టకుండా బతికాను. రెండిట్లో ఏది ఎక్కువ నష్టం చేసిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత నేర్చుకున్నదే ఈ పద్ధతి. ఉద్యోగం మారడం, ఇల్లు మారడం, అప్పు తీసుకోవడం, పెళ్లి, అన్నీ దీనితోనే నిర్ణయించుకున్నాను. ఇదే జబ్బు ఉన్న మరికొందరి పక్కన కూర్చుని చేయించాను కూడా. దాదాపు అందరూ తడబడేది ఒకే చోట, మూడో మెట్టు దగ్గర. మిగతావన్నీ తేలికైన పనులు.

పెద్ద నిర్ణయం అంటే ఒకసారి తీసుకుంటే వెనక్కి మళ్లడం కష్టమైనది. డబ్బు, ఉద్యోగం, చదువు, సంబంధాలు, మందులు ఆపడం లాంటివి. రోజువారీ చిన్న విషయాలకు ఇదంతా అక్కర్లేదు.

కావలసినవి

ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, మీ ముఖం మీదే "వద్దు" అనగలిగే ఒక మనిషి, కనీసం నాలుగు వారాల మూడ్ రికార్డు. రికార్డు అంటే రోజుకు ఒక్క లైను: ఎన్ని గంటలు నిద్రపోయారు, మూడ్ అంకె ఎంత (బాగా కుంగితే మైనస్ 3, బాగా ఎగిరితే ప్లస్ 3, మామూలుగా ఉంటే సున్నా), మందులు వేసుకున్నారా లేదా. అంతే.

ఇది కాగితం మీదే రాయాలి, ఫోన్‌లో కాదు. ఫోన్‌లో రాసింది చెరిపేయడం తేలిక. పైగా మూడ్ పైకి పోయేటప్పుడు నా చేతిరాత పెద్దదై, కుడివైపుకు పరిగెడుతుంది. ఆ సంగతి నాకంటే ముందు పేజీ చెబుతుంది. ఏ యాప్ ఆ పని చేయలేదు.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

తేదీ, టైము వేసి రాయండి. "నా జీవితం ఏం చేసుకోవాలి" అనేది ప్రశ్న కాదు. "ఈ ఉద్యోగం మూడు నెలల్లోపు వదలాలా?" అనేది ప్రశ్న.

తలలోనే ఆలోచించుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. మూడ్ పూర్తిగా కుదురుగా ఉన్న రోజుల్లో కూడా ఈ జబ్బు ఉన్న చాలామందిలో ఏకాగ్రత, విన్న మాటలు గుర్తుండటం, ప్లాన్ వేసి దాన్ని అంటిపెట్టుకోవడం కొంత తగ్గుతాయని పరిశోధనల్లో పదే పదే తేలింది. అందరిలోనూ కాదు, కొందరిలో ఏ తేడా ఉండదు. తెలివితో దీనికి సంబంధం లేదు. ఒకేసారి నాలుగైదు విషయాలు మనసులో పట్టుకుని పోల్చి చూడటం బరువవుతుంది, అంతే. ఆ బరువు కాగితం మోస్తుంది.

రెండో మెట్టు: మూడు దారులు రాయండి

చేయడం, చేయకపోవడం, ఇప్పుడు కాకుండా తర్వాత చూడటం. మూడోది రాయకుండా ముందుకు వెళ్లకండి.

మూడో మెట్టు: ఇది నిర్ణయించే రోజేనా అని తేల్చుకోండి

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి. బైపోలార్ ఉన్నవాళ్లకు "ఏం నిర్ణయించాలి" అనేది రెండో ప్రశ్న. "ఏ రోజున నిర్ణయించాలి" అనేదే మొదటిది. మంచి రోజున తీసుకున్న ఒక మోస్తరు నిర్ణయాన్ని సరిదిద్దుకోవచ్చు. చెడు రోజున తీసుకున్నది ఎంత గొప్పగా కనిపించినా తర్వాత ఏళ్ల తరబడి మోయాలి.

పూర్తి మేనియాను, అంటే మూడ్ విపరీతంగా పైకి ఎగిరిన దశను, గుర్తుపట్టడం ఇంట్లోవాళ్లకు పెద్ద కష్టం కాదు. వారం, అంతకు మించి ఉంటుంది, మాట ఆగదు, కొన్నిసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. మోసం చేసేది హైపోమేనియా, అంటే మేనియాకే తేలికపాటి రూపం. నాలుగు రోజులు ఉన్నా చాలు, దాన్ని ఆ పేరుతో పిలుస్తారు డాక్టర్లు. బయటికి అంతా బాగానే ఉంటుంది. పనులు చకచకా అవుతాయి, మాటలు తడుముకోకుండా వస్తాయి. నెలల తరబడి డిప్రెషన్‌లో ఉన్న మనిషికి అది జబ్బులా అనిపించదు, "హమ్మయ్య, బాగుపడ్డాను" అనిపిస్తుంది. నేను రాజీనామా పంపింది అలాంటి వారంలోనే. ఆ ఉత్తరంలో ఒక్క అక్షర దోషం లేదు.

అందుకే "నేను బాగున్నానా?" అని మిమ్మల్ని మీరు అడక్కండి. మూడ్ పైకి లేచినప్పుడు అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ఆ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తే. లెక్కపెట్టగలిగేవి అడగండి. గత ఏడు రాత్రుల్లో ఎన్ని గంటలు పడుకున్నాను? ఈ వారం కొత్తగా ఎన్ని పనులు మొదలుపెట్టాను? ఈ ఆలోచనకు అడ్డుచెప్పిన మనిషి మీద కోపం వచ్చిందా? "ఈరోజే చేయాలి" అనే తొందర ఉందా?

వీటిలో నిద్రే ముఖ్యం. మామూలుగా నిద్ర పట్టకపోతే మర్నాడు నీరసంగా ఉంటుంది. నాలుగు గంటలే పడుకుని కూడా పొద్దున హుషారుగా లేచారంటే అది వేరే సంగతి. నిద్ర అవసరమే తగ్గిపోవడం మేనియా లక్షణం. నిద్ర చెడటం మేనియాను రేపగలదు కూడా. అలాంటి రాత్రులు వరసగా రెండు కనిపిస్తే నోట్‌బుక్ మూసేయండి, సైకియాట్రిస్టుకు ఫోన్ చేయండి.

శుభవార్త వచ్చిన వారంలోనూ నిర్ణయాలు వద్దు. పరీక్ష పాసవడం, ప్రమోషన్ రావడం లాంటివి జరిగాక ఈ జబ్బు ఉన్నవాళ్లలో మేనియా లక్షణాలు పెరగడాన్ని పరిశోధకులు గమనించారు. గెలుపు మనకు అందరికన్నా ఎక్కువ ఎక్కుతుంది. ఈ మాట చెబితే చాలామంది బాధపడతారు. సంతోషపడొద్దని కాదు నేను చెప్పేది. సంతోషపడండి, సంతకం మాత్రం పెట్టకండి.

పెద్ద లాభం మీదకు మనసు ఎలా లాగుతుందో చూపించే ఒక పేకాట పరీక్ష ఉంది, అయోవా గ్యాంబ్లింగ్ టాస్క్. ఆంటోయిన్ బెచారా, ఆంటోనియో దమాసియో బృందం 1994లో దాన్ని ప్రచురించింది. నాలుగు కట్టలు ఉంటాయి. రెండు కట్టల్లో పెద్ద లాభాలు వస్తాయి, అప్పుడప్పుడు అంతకు మించిన నష్టాలూ వస్తాయి. మిగతా రెండిట్లో లాభం చిన్నది, నష్టం ఇంకా చిన్నది. ఆడుతూ ఆడుతూ చిన్న లాభాల కట్టలే మేలని చాలామంది పసిగడతారు. మేనియాలో ఉన్నవాళ్లు మాత్రం పెద్ద లాభాల కట్టల వైపే మొగ్గు చూపినట్టు తేలింది. ఇదే జబ్బు ఉండి మూడ్ కుదుటపడినవాళ్లు కొన్ని అధ్యయనాల్లో జబ్బు లేనివాళ్లతో సమానంగా ఆడారు. నాకు ధైర్యం ఇచ్చిన సంగతి ఇదే. జబ్బు అదే, రోజు మారింది.

ఇక మూడ్ కిందికి పోయినప్పటి సంగతి. డిప్రెషన్‌లో మనం ఏదో మొదలుపెట్టడం కన్నా వదిలేయడానికే చూస్తాం. ఉద్యోగం వదిలేద్దాం, పెళ్లి వద్దందాం, చదువు ఆపేద్దాం అనిపిస్తుంది. మూడు దారులు రాయమంటే ఒక్కటే కనిపిస్తుంది. "నేను అందరికీ భారం" అనే మాట కాగితం మీదకు వచ్చిందంటే అది రాసింది జబ్బు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే దాన్ని నిర్ణయాల లెక్కలో వేయకండి. అది ఎమర్జెన్సీ. ఒంటరిగా ఉండకండి, అదే గంటలో దగ్గరివాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరికో ఎమర్జెన్సీ విభాగానికో వెళ్లండి.

అన్నిటికన్నా ప్రమాదం మిశ్రమ దశ. మనసు కుంగి ఉంటుంది, ఒంట్లో మాత్రం శక్తి ఆగకుండా ఉరుకుతుంది. చిరాకు, కుదురులేనితనం, పరుగెత్తే ఆలోచనలు. ఆ రోజు ఏ కాగితం ముట్టుకోవద్దు. డాక్టరుకు ఫోన్ చేయడం ఒక్కటే ఆ రోజు పని.

ఇప్పుడు నియమం చెబుతాను. వరసగా 14 రోజులు మూడ్ అంకె మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్య ఉండాలి, నిద్రలో తేడా గంటకు మించకూడదు. పదమూడు రోజులైతే ఇంకొక రోజు ఆగండి.

లాభాల పట్టిక ఎందుకు పనికిరాదంటే

పేజీ మధ్యలో గీత గీసి ఒకవైపు లాభాలు, ఒకవైపు నష్టాలు రాయమంటారు అందరూ. మూడో మెట్టు దాటకుండా ఆ పట్టిక వేస్తే అది మిమ్మల్ని మోసం చేస్తుంది. పాత నోట్‌బుక్కుల్లో నావి రెండు పట్టికలున్నాయి, ఒకే ప్రశ్న మీద, మూడు నెలల తేడాతో. మొదటి దాంట్లో పందొమ్మిది లాభాలు, రెండు నష్టాలు. రెండో దాంట్లో ఒక్క లాభమూ లేదు. ఆ మధ్యలో పరిస్థితి ఏమీ మారలేదు, నా మూడ్ మారింది. గుర్తుకొచ్చే విషయాలను కూడా మూడే ఏరి ఇస్తుంది. కాబట్టి రోజు తేలాకే పట్టిక.

నాలుగో మెట్టు: రెండు రాత్రులు, ఇద్దరు మనుషులు

ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే మాటల చికిత్సలో పాత నియమం ఒకటుంది: కొత్త ఆలోచన వస్తే 48 గంటలు ఆగు, నమ్మకమైన ఇద్దరిని అడుగు. నేను గంటలు లెక్కపెట్టను, రెండు పూర్తి రాత్రుల నిద్ర లెక్కపెడతాను. నిద్రపోకుండా గడిచిన 48 గంటలు ఎందుకూ పనికిరావు.

ఆ ఇద్దరిలో ఎవరికీ మీ నిర్ణయం వల్ల లాభం ఉండకూడదు. వాళ్లను "ఇది మంచిదేనా?" అని అడిగే ముందు "ఈ నెలలో నాలో ఏమైనా తేడా కనిపించిందా?" అని అడగండి. నేను ముందు అక్కను అడుగుతాను. తను ఫోన్‌లో నా మాట వేగం విని చెప్పేస్తుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మేం గట్టిగా నవ్విన ప్రతిసారీ "మందు వేసుకున్నావా?" అని అడక్కండి. అలా అడిగితే మేం చెప్పడం మానేస్తాం, రహస్యంగా నిర్ణయిస్తాం. నిర్ణయాలన్నీ లాగేసుకున్నా అంతే. బాగున్న రోజుల్లో మా నిర్ణయం మాదే.

ఆగే వీల్లేకపోతే వెనక్కి తీసుకోగలిగే దారినే ఎంచుకోండి. రాజీనామా బదులు సెలవు, కొనడం బదులు అద్దె. ఈరోజు సంతకం పెట్టకపోతే అవకాశం పోతుందని ఎవరైనా అంటే పోనివ్వండి.

ఐదో మెట్టు: మూడ్ బాగుంది, బుర్ర మాత్రం మందంగా ఉంటే

అప్పుడు కంగారు పడకుండా కారణం వెతకాలి. డిప్రెషన్ కొంచెం మిగిలి ఉన్నా ఇలాగే ఉంటుంది. ఈ జబ్బుకు వాడే లిథియం అనే మందు కొందరిలో ఆలోచన వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. అది థైరాయిడ్‌నూ తగ్గించగలదు, థైరాయిడ్ తగ్గితే మళ్లీ మందకొడితనం. అందుకే లిథియం వాడేవాళ్లు రక్తంలో మందు స్థాయితో పాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఎప్పటికప్పుడు చేయించుకోవాలి. ఇవన్నీ డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాల్సినవి. బుర్ర పనిచేయడం లేదని మందులు సొంతంగా ఆపకండి. లిథియం ఒక్కసారిగా ఆపితే మేనియా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

దీనికి శిక్షణ కూడా ఉంది. బార్సిలోనా బృందం తయారుచేసిన ఫంక్షనల్ రీమెడియేషన్‌లో వారానికొకటి చొప్పున 21 తరగతులు. జ్ఞాపకం, ఏకాగ్రత, ప్లాన్ వేయడం రోజువారీ పనులతోనే సాధన చేయిస్తారు. దాంతో రోజువారీ జీవితం మెరుగుపడిందని 2013లో ప్రచురించారు. మీ డాక్టరును అడిగి చూడండి.

ఆరో మెట్టు: పొద్దున రాయండి

నిర్ణయం పొద్దున పూటే తీసుకోవాలి. చీకటి పడ్డాక తీసుకున్నది నిర్ణయం కాదు. ఏ దారి ఎంచుకున్నారో ఒక లైను, ఎందుకో రెండు లైన్లు రాయండి. ఇంకో పని కూడా ఇదే రోజు చేయాలి: ముందు రాబోయే చెడు రోజులకు అడ్డుకట్ట వేసుకోవడం. కార్డు లిమిట్ తగ్గించండి, పెద్ద మొత్తాలకు రెండో మనిషి సంతకం పెట్టేలా చేయండి, మూడ్ ఎగిరితే మీ కార్డులు ఎవరి దగ్గర ఉండాలో రాసి వాళ్లకు ఇవ్వండి. బాగున్న మీరు రాసిన మాట కాబట్టి, అప్పుడు ఎంత కోపం వచ్చినా వాళ్లు దాన్నే పాటించాలని కూడా రాయండి.

చివరగా పేజీ అడుగున, మళ్లీ చూసుకోవాల్సిన తేదీ వేయండి. నేను మూడు నెలలు పెడతాను. ఆ తేదీ రాకముందే ఏదో ఒక రాత్రి అంతా తిరగరాయాలనిపిస్తే, పెన్ను తీసే ముందు ఆ వారం నిద్ర గంటల వరస చూడండి.