మ్యాప్ ఉన్న వెబ్ యాప్ లైవ్‌కి వెళ్లే ముందు

ప్రాజెక్ట్ సబ్మిషన్లు దగ్గరపడ్డాయి కాబట్టి, ఇవి చూసుకోండి.

– గూగుల్ మ్యాప్స్ ఏపీఐ కీని (మ్యాప్ సేవ వాడుకోవడానికి గూగుల్ ఇచ్చే కోడ్‌ని) మీ డొమైన్‌కే, అంటే మీ సైట్ చిరునామాకే పరిమితం చేయండి. బ్రౌజర్‌లో కీ అందరికీ కనిపిస్తుంది. ఎవరో వాడుకుంటే బిల్లు మీకొస్తుంది. బడ్జెట్ అలర్ట్ కబురు చెబుతుందే తప్ప వాడకాన్ని ఆపదు. అందుకే రోజువారీ కోటా (వాడకానికి పరిమితి) కూడా పెట్టండి.

– జియోజేసన్‌లో (మ్యాప్ డేటా ఫార్మాట్) ముందు రేఖాంశం, లీఫ్‌లెట్‌లో (మ్యాప్ చూపించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ముందు అక్షాంశం. తారుమారైతే హైదరాబాద్ (17.38, 78.48) పిన్ ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్‌లో తేలుతుంది. ఎర్రర్ మాత్రం రాదు, అదే చిక్కు.

– మ్యాప్ డివ్‌కి (పేజీలో మ్యాప్ కూర్చునే పెట్టెకి) ఎత్తు ఇచ్చారా? లేకపోతే ఖాళీ పేజీయే.

– హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) లేకుండా యూజర్ లొకేషన్ రాదు. లోకల్‌హోస్ట్‌లో (మీ సొంత కంప్యూటర్‌లోనే నడిపినప్పుడు) వచ్చిందని మురిసిపోకండి, దానికి మినహాయింపు ఉంది.

– ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) వాడితే దాని క్రెడిట్ లైన్ తీసేయొద్దు; అది లైసెన్స్ షరతు.