మనవాళ్ళను ఐస్ పట్టుకెళ్ళిన రాత్రి: తెల్లారేలోపు చేయాల్సిన పనులు

మా నాన్న హనుమకొండలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమస్తా. ఎనభైల్లో అర్ధరాత్రి మా తలుపు ఎవరైనా కొట్టారంటే, వాళ్ళ కొడుకునో తమ్ముడినో పోలీసులు ఎత్తుకెళ్ళారని అర్థం. నాన్న చొక్కా తగిలించుకుని, ఏడుస్తున్నవాళ్ళను వెంటబెట్టుకుని ముందు తంతి ఆఫీసుకు నడిచేవాడు. హైకోర్టు చీఫ్ జస్టిస్‌కు ఒక టెలిగ్రాం, కలెక్టరుకు ఇంకొకటి. రసీదు మీద పడే టైము ముద్ర కోసమే ఆ పరుగంతా. తెల్లారాక హైదరాబాద్ బస్సెక్కి హెబియస్ కార్పస్ పిటిషన్ (పట్టుకెళ్ళిన మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగేది) వేయించేవాళ్ళు. "మనిషిని పట్టుకున్న టైముకీ మన కాగితం పడిన టైముకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే, వాళ్ళు అంత కథ అల్లుతారు" అనేవాడు. ఆ మాట నాకు ఎక్కాలతో పాటే వచ్చింది.

నేనిప్పుడు న్యూజెర్సీలో ఒక ఇమిగ్రేషన్ లాయరు ఆఫీసులో పారాలీగల్‌ని. లాయర్ని కాదు, కాబట్టి కింద రాసింది మీ లాయరు ఇచ్చే సలహాకు బదులు కాదు. ధర్నాకు వెళ్ళాడనో, కాలేజీ పేపర్లో ఏదో రాశాడనో ఒక స్టూడెంట్‌ను ఐస్ వాళ్ళు (వలస చట్టాల కింద మనుషుల్ని పట్టుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ) తీసుకెళితే బయట ఉన్న రూమ్మేటు, భార్య, అన్న ఏం చేయాలో చెప్తాను. లోపల ఉన్నవాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. కోర్టు తనంతట తాను లేచి రాదు, ఎవరో ఒకరు వెళ్ళి పిటిషన్ వేయాలి.

గడియారం ఎందుకు చూడాలి

2025 మార్చి 8 రాత్రి మహమూద్ ఖలీల్‌ను న్యూయార్క్‌లో ఆయన ఉండే బిల్డింగ్‌లోనే పట్టుకున్నారు. కొలంబియా యూనివర్సిటీలో పాలస్తీనా నిరసనలప్పుడు విద్యార్థుల తరఫున యాజమాన్యంతో మాట్లాడిన మనిషి. గ్రీన్ కార్డు ఉంది. భార్య అమెరికన్ సిటిజన్, అప్పటికి ఎనిమిదో నెల. తెల్లవారుజామున 4:40కి లాయర్లు న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఆన్‌లైన్‌లో పిటిషన్ వేశారు. ఆ నిమిషానికి ఆయన నది ఇవతల, మా న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో ఉన్నాడు. తర్వాత విమానం ఎక్కించి లూసియానాలోని జీనాకు తీసుకుపోయారు. కేసు కూడా లూసియానాకు రావాలని ప్రభుత్వం పట్టుబట్టింది. న్యూయార్క్ జడ్జి ఒప్పుకోలేదు. పిటిషన్ పడిన నిమిషానికి మనిషి ఎక్కడున్నాడో అక్కడికే కేసు వెళ్ళాలని న్యూజెర్సీకి పంపాడు. జూన్ 20న ఇక్కడి జడ్జి మైకేల్ ఫార్బియార్జ్ ఆర్డరుతోనే ఆయన బయటికొచ్చాడు. 104 రోజులు. ఈలోగా కొడుకు పుట్టాడు, కాన్పుకు పంపమంటే పంపలేదు.

ఇంకో కేసు చూడండి. రుమేసా ఓజ్‌తుర్క్ టర్కీ అమ్మాయి, టఫ్ట్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. అంతకు ఏడాది ముందు కాలేజీ పత్రికలో మరో ముగ్గురితో కలిసి ఒక వ్యాసం రాసింది. మార్చి 25 సాయంత్రం ఇఫ్తార్‌కు వెళ్తుంటే సోమర్‌విల్ వీధిలో మాస్కులు కట్టుకున్నవాళ్ళు చుట్టుముట్టారు. తన వీసా రద్దయిందన్న సంగతే ఆమెకు తెలియదు. రాత్రి 10 దాటాక బోస్టన్‌లో పిటిషన్ పడింది, గంట లోపలే జడ్జి ఆమెను మాసచూసెట్స్ దాటించొద్దని ఆర్డర్ వేసింది. అప్పటికే బండి వెర్మాంట్‌లో ఉంది. తెల్లారేసరికి లూసియానా విమానం. పిటిషన్ పడినప్పుడు ఆమె వెర్మాంట్‌లో ఉంది కాబట్టి కేసు అక్కడికి వెళ్ళింది, అక్కడి జడ్జి విలియం సెషన్స్ మే 9న వదిలిపెట్టమన్నాడు.

మన దేశం వాడు బదర్ ఖాన్ సూరి, జార్జ్‌టౌన్‌లో పరిశోధకుడు. ఆయన్నీ మార్చి 17న వర్జీనియాలో పట్టుకుని లూసియానా, అక్కణ్ణుంచి టెక్సాస్ తిప్పారు. వర్జీనియా జడ్జి మే 14న విడిపించింది.

ఎవర్ని పట్టుకున్నా లూసియానాకో టెక్సాస్‌కో ఎందుకు అంటే, అక్కడ జైళ్ళు ఎక్కువ అన్నది ఒక కారణం. ఆ రాష్ట్రాల అప్పీళ్ళు వినే ఐదో సర్క్యూట్ కోర్టులో వలసవచ్చినవాళ్ళకు గెలుపు కష్టం అన్నది మా లైన్లో అందరూ చెప్పే రెండో కారణం. కాబట్టి విమానం లేవకముందే కాగితం పడాలి.

రెండు కోర్టులు, పేరు ఒకటే

ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడతారు. "కేసు కోర్టులో ఉందిగా, జడ్జిగారు చూస్తారులే" అంటారు. ఏ కోర్టు, ఏ జడ్జి?

ఇమిగ్రేషన్ కోర్టు మన తహసీల్దారు కోర్టు లాంటిది. బల్ల ఉంటుంది, జవాను ఉంటాడు, సంతకం పెట్టే ఆయన ఉంటాడు. కానీ ఆయన ప్రభుత్వ ఉద్యోగి, అటార్నీ జనరల్ కింద పనిచేస్తాడు. దానిపై అప్పీలు వినే బోర్డూ అదే శాఖలోది. ఖలీల్ కేసులో విదేశాంగ మంత్రి మార్కో రూబియో రెండు పేజీల మెమో ఇచ్చాడు: ఈ మనిషి ఇక్కడుంటే మన విదేశాంగ విధానానికి చేటు అని. వలస చట్టంలో అలా రాసే అధికారం మంత్రికి ఇచ్చిన ఒక క్లాజు ఉంది, దాన్ని ఏళ్ళ తరబడి వాడినవాళ్ళే తక్కువ. ఏప్రిల్ 11న లూసియానా ఇమిగ్రేషన్ జడ్జి, మంత్రి మాటను ప్రశ్నించే అధికారం తనకు లేదని చెప్పి, డిపోర్ట్ చేయొచ్చని తేల్చింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అంతకంటే ఏం చెప్తుంది?

ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు వేరు. ఆ జడ్జిది జీవితకాలపు పదవి. మంత్రిని "ఎందుకు పట్టుకున్నావు, రాజ్యాంగం ఒప్పుకుంటుందా" అని అడగగలిగేది అక్కడే. హెబియస్ పిటిషన్ వేసేదీ అక్కడే. ఫీజు 5 డాలర్లు. మా ఆఫీసు కింద కాఫీ దానికంటే ఎక్కువ. (లాయరు ఫీజు వేరే లెండి, అది వినే ముందు కూర్చోండి.) లోపలున్న మనిషి సంతకం పెట్టలేకపోతే అతని తరఫున దగ్గరివాళ్ళు వేయొచ్చు, చట్టంలోనే ఉంది.

రెండూ ఒకేసారి నడపాలి. హెబియస్ గెలిచాం కదా అని ఇమిగ్రేషన్ కోర్టు వాయిదాకు వెళ్ళకపోతే, మనిషి లేకుండానే డిపోర్టేషన్ ఆర్డర్ పడిపోతుంది. 2026 జనవరిలో ఖలీల్ కేసులోనే మూడో సర్క్యూట్ కోర్టు 2-1 తేడాతో, డిస్ట్రిక్ట్ జడ్జికి ఈ కేసు వినే అధికారమే లేదని, ముందు ఇమిగ్రేషన్ దారి పూర్తిచేసి అప్పీలు కోర్టుకు రావాలని చెప్పింది. మొదటి రోజు నుంచి ఇమిగ్రేషన్ కోర్టు ఫైలు కూడా గట్టిగా కట్టాలన్నది అందుకే. వాక్ స్వాతంత్ర్యం విషయంలో చూస్తే, 2025 సెప్టెంబరు 30న బోస్టన్ జడ్జి విలియం యంగ్, చట్టబద్ధంగా ఇక్కడున్న విదేశీయులకూ సిటిజన్లకున్న హక్కే ఉందని తీర్పు రాశాడు. గాలి ఒకే వైపు వీయడం లేదు.

ముందే సర్దిపెట్టుకోవాల్సినవి

ఒక రాత్రి ఒకబ్బాయి ఫోన్ చేశాడు.
"అక్కా, చింటూని తీస్కపోయిండ్రు."
"చింటూ పూర్తి పేరేంటి నాన్నా?"
"చింటూనే అక్కా... సాయి అనుకుంటా."

రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. పాస్‌పోర్టులో చింటూ పేరు నాలుగు ముక్కలు, ఇంటిపేరు ముందు. ఐస్ వాళ్ళ ఆన్‌లైన్ లొకేటర్‌లో పేరు అక్షరం తేడా వచ్చినా మనిషి దొరకడు. ఊళ్ళో వాళ్ళ నాన్నను లేపి, పాస్‌పోర్టు జిరాక్స్ వాట్సాప్‌లో తెప్పించేసరికి గంటన్నర పోయింది.

అందుకని ధర్నాకు వెళ్ళేవాళ్ళు, వెళ్ళనివాళ్ళు కూడా, ఒక ఫోల్డర్ చేసి నమ్మకమైన ఒకరి దగ్గర పెట్టండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు), ఐ-20 (స్టూడెంట్ అని కాలేజీ ఇచ్చే కాగితం). ఓపీటీ కార్డు (స్టూడెంట్లకు ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) ఉంటే దాని మీద యూఎస్‌సీఐఎస్ నంబరు అని ఉంటుంది, అదే మీ ఏ-నంబరు, అంటే వలస శాఖ ఫైళ్ళలో మీ నంబరు. లొకేటర్‌లో ఆ నంబరూ, పుట్టిన దేశమూ కొడితే పేరుతో పని లేదు. లాయరుతో ముందే మాట్లాడి జీ-28 ఫారం (ఫలానా ఆయన నా లాయరు అని చెప్పే కాగితం) మీద సంతకం పెట్టి ఉంచితే ఇంకా మంచిది, "మీరు అతని లాయరేనా" అని గేటు దగ్గర ఆపే మాట ఉండదు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి.

లాయరు నంబరు కంఠస్థం చేయండి. ఫోన్ లాక్కున్నాక కాంటాక్ట్స్ ఎక్కడివి? వేమన పద్యాలు బట్టీ పట్టిన బుర్రలే, పది అంకెలు పట్టవా!

మీరు రాసిన వ్యాసం, మాట్లాడిన వీడియో, పోస్టులు అన్నీ ఉన్నవి ఉన్నట్టు దాచండి. భయపడి డిలీట్ చేస్తే దాచిపెట్టినట్టు కనిపిస్తుంది, పైగా "నేను మాట్లాడినందుకే పట్టుకున్నారు" అని నిరూపించే సాక్ష్యం మన చేతులతో మనమే పారేసినట్టు. ధర్నాలో పోలీసు కేసు పడితే, అది కొట్టేసినా సరే, ఆ కాగితం కూడా ఫోల్డర్‌లోకే.

తలుపు దగ్గర, వీధిలో

తలుపు తీయకుండానే కాగితం కిందినుంచి తోయమనండి, లేదా కిటికీకి ఆనించమనండి. పైన కోర్టు పేరు, కింద జడ్జి సంతకం ఉంటే అది కోర్టు వారెంట్. ఐ-200 అని ఉంటే అది ఐస్ ఆఫీసరే రాసుకున్నది, మీరు ఒప్పుకోకపోతే దాంతో ఇంట్లోకి రావడానికి అధికారం చాలదు. రూమ్మేట్లకు ఇది ముందే చెప్పి పెట్టండి, ఎందుకంటే తలుపు తీసేది ఎప్పుడూ పిజ్జా ఆర్డర్ చేసినవాడే.

వీధిలో ఆ రక్షణ లేదు. "నేను వెళ్ళొచ్చా" అని అడగండి. కాదంటే పెనుగులాడొద్దు, పరుగెత్తొద్దు. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ కాగితం వెంట ఉంచుకోవాలని చట్టం, కాబట్టి ఐ-94 చూపించండి. ఆ తర్వాత "లాయరుతో మాట్లాడాకే మాట్లాడతాను" అని నోరు కట్టేసుకోండి. అబద్ధం మాత్రం వద్దు. సిటిజన్‌నని చెప్పారంటే ఆ ఒక్క మాటకే డిపోర్ట్ చేయొచ్చు. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. "ఇది రొటీనే" అంటూ ఇచ్చేవాటిలో, హియరింగ్ వద్దు, స్వచ్ఛందంగా వెళ్ళిపోతాను అనే కాగితం కూడా ఉండొచ్చు.

ఆ రాత్రి వరస

చూసినవాళ్ళు ముందు టైము రాయాలి. ఎన్నింటికి, ఏ వీధి, ఎన్ని బండ్లు, నంబరు ప్లేటు. తర్వాత లాయరుకు ఫోన్, ఆ తర్వాతే వాట్సాప్ గ్రూపులు. మేం గ్రూపులో పెట్టాక లాయర్ని వెతికే బ్యాచ్, నాకు తెలుసు.

లొకేటర్‌లో వెంటనే కనిపించకపోవచ్చు, దారిలో ఉన్నంతసేపు ఖాళీగానే చూపిస్తుంది. అందుకని దగ్గరి ఐస్ ఫీల్డ్ ఆఫీసుకు ఫోన్ చేయాలి, ఎవరు ఎత్తారో, ఏమన్నారో రాయాలి. ఎత్తకపోతే అదీ రాయాలి. అదే విషయం ఈమెయిల్ పెట్టాలి: ఫలానా మనిషి మీ కస్టడీలో ఉన్నాడు, లాయరు ఉన్నారు, వేరే చోటికి తరలించొద్దు. జవాబు రాదు. ఆ ఈమెయిల్ మీద ఉన్న టైమే నాన్న టెలిగ్రాం రసీదు. తెలిసినంతలో మనిషి ఏ జిల్లాలో ఉన్నాడో ఆ ఫెడరల్ కోర్టులో లాయరు రాత్రికి రాత్రే హెబియస్ వేస్తారు, తరలించొద్దని అర్జెంటు ఆర్డరు కూడా అడుగుతారు. ఖలీల్‌దీ, ఓజ్‌తుర్క్‌దీ మొదటి కోర్టు తప్పింది. అయినా కాగితం పడి ఉంది కాబట్టి బదిలీ చేశారు తప్ప కొట్టేయలేదు.

ఇండియన్ కాన్సులేట్‌కు చెప్పమని లోపలున్నవాళ్ళే అడగాలి, మనవాళ్ళ విషయంలో అడగకపోతే చెప్పరు. లూసియానా, టెక్సాస్ రెండూ హ్యూస్టన్ కాన్సులేట్ కిందికి వస్తాయి.

మెయిల్ మాత్రమే వస్తే

మనిషిని పట్టుకోరు, వీసానో రికార్డో రద్దయిందని మెయిల్ మాత్రం వస్తుంది. మనవాళ్ళకు ఎక్కువగా జరిగింది ఇది. 2025 ఏప్రిల్‌లో వేలమంది స్టూడెంట్ల సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లోది) రాత్రికి రాత్రి పోయింది. అమెరికన్ ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం దగ్గరికొచ్చిన 327 కేసుల్లో సగం ఇండియన్లవే. చాలామంది ఏ ధర్నా మొహమూ చూడలేదు, స్పీడింగ్ టికెట్ లాంటివే ఉన్నాయి. "అక్కా, టికెట్ బుక్ చేసుకోవాల్నా" అని ఏడ్చిన పిల్లలకు మేం చెప్పింది ఒకటే, వీసా అంటే లోపలికి రావడానికి ముద్ర, స్టేటస్ అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి, రెండూ పోయాయో ఒకటే పోయిందో ముందు డీఎస్‌ఓను (కాలేజీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే ఆఫీసరు) అడగండి అని. ఒక్క జార్జియా కోర్టులోనే 133 మంది కలిసి కేసు వేసి స్టే తెచ్చుకున్నారు. దేశమంతా ఇలా ఆర్డర్లు పడ్డాక, ఏప్రిల్ 25న ప్రభుత్వ లాయర్లు రికార్డులు తిరిగి తెరుస్తామని కోర్టులో ఒప్పుకున్నారు. మొదటి వారమే విమానం ఎక్కినవాళ్ళకు మాత్రం తిరిగి రావడం అంత సులువు కాలేదు.

అలాగని వెళ్ళిపోయినవాళ్ళను తప్పుపట్టను. కొలంబియాలో పీహెచ్‌డీ చేస్తున్న మన రంజనీ శ్రీనివాసన్ వీసా రద్దయిన వారంలోపే కెనడాకు వెళ్ళిపోయింది. ఎవరి ధైర్యం, ఎవరి ఇంటి పరిస్థితి వాళ్ళది. వెళ్ళేముందు ఒక్కసారి లాయరుతో మాట్లాడండి, అంతే.

"ఆ దేశమే అంత, మన దగ్గర ఇలా ఉండదు" అనే బాబాయిలకు ఒక మాట. 2019 డిసెంబరులో కలకత్తాలో సీఏఏ వ్యతిరేక ర్యాలీకి వెళ్ళాడని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో చదివే పోలండ్ కుర్రాడికి దేశం వదిలిపొమ్మని నోటీసిచ్చారు. 2020 మార్చిలో కలకత్తా హైకోర్టు ఆ నోటీసు కొట్టేసింది. అక్కడా పిటిషన్ వేయబట్టే.

ఇంటికి ఫోన్

అమ్మానాన్నలకు లాయరు కుదిరాకే చెప్పండి, ముందే చెప్తే వాళ్ళు టీవీ వాళ్ళకు చెప్తారు. డిటెన్షన్ సెంటర్‌కు మనం ఫోన్ చేసి పిల్లాడితో మాట్లాడలేం, వాడే చేయాలి, అందుకు వాడి అకౌంట్‌లో డబ్బులేయాలి. ఆ కాల్స్ రికార్డవుతాయి, కేసు సంగతులు వద్దు. చింటూ వాళ్ళ అమ్మకు ఇదంతా నేనే చెప్పాను. విని, "లాయరు గారు మనోళ్ళేనా అమ్మా?" అంది. కాదు, నైజీరియా ఆవిడ అని చెప్పాను. కాసేపు ఆగి, "రాత్రిపూట లేస్తదా?" అంది. లేస్తుందమ్మా అన్నాను.