పాట పల్లవిని సినిమా టైటిల్‌గా పెట్టాలంటే ముందు చూసుకోవాల్సినవి

కథ రెడీ, హీరో మన ఫ్రెండే, కెమెరా అద్దెకి దొరుకుద్ది, టైటిల్ ఒక్కటే దొరకట్లేదు. సినిమావాళ్ళు తిరిగే హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈ మాట చెవిన పడుద్ది, ఇంకో నిమిషంలో ఎవడో ఒకడు "పాత పాట పల్లవి ఏదైనా పెట్టేద్దాం అన్నా" అంటాడు, అందరూ ఫోన్లు తీసి పాటలు వెతకడం మొదలుపెడతారు. ఐడియా తప్పేం కాదు, మన దగ్గర పెద్ద పెద్దోళ్ళు చేసిన పనే. కాకపోతే పాట హిట్టు కాబట్టి టైటిల్ కూడా హిట్టే అనుకుంటే అక్కడే దెబ్బ పడుద్ది. షార్ట్ ఫిల్మ్ అయినా ఫీచర్ అయినా చూసుకోవాల్సినవి ఇంచుమించు ఇవే.

మొదటి పని చాలా చిన్నది. మీరు అనుకున్న పల్లవిని, కథ తెలియని ఓ నలుగురికి ఊరికే చెప్పండి. వాళ్ళు దాని తర్వాత లైన్ అందుకుంటారా, అందుకునేటప్పుడు మొహం ఎలా పెడతారు, నవ్వుతారా, పాత రోజుల్లోకి పోతారా, భయపడినట్టు యాక్టింగ్ చేస్తారా, ఇది చూడండి. ఎందుకంటే పోస్టర్ చూసిన ప్రతివాడి బుర్రలో జరిగేది ఇదే, టైటిల్ మీరు సగం చెప్తారు, మిగతా సగం వాడు పాడుకుంటాడు, ఆ రెండో సగంలో ఉన్న మూడ్‌కి మీ సినిమా జవాబు చెప్పాలి. "నిను వీడని నీడను నేనే" అనగానే మనకి 1965లో వచ్చిన అంతస్తులులో ఆ దెయ్యం పాటే గుర్తొస్తది, 2019లో సందీప్ కిషన్ దాన్నే టైటిల్‌గా పెట్టి తీసింది కూడా అలాంటి భయం కథే, అందుకే పోస్టర్ మీద వేరే ఏం రాయకపోయినా జానర్ తెలిసిపోయింది. అదే పల్లవి ఒక కాలేజ్ లవ్ స్టోరీకి పెట్టి చూడండి, హీరోయిన్ వెనకాల తిరిగే సైకో కథ అనుకుంటారు.

ఈ విద్యలో మనకి గురువు జంధ్యాల గారే. 1957 నాటి మాయాబజార్ ఒక్క సినిమాలోంచే ఆయన వరసగా లాగేశారు, 1987లో అహ నా పెళ్ళంట, 1988లో వివాహ భోజనంబు, అదే ఏడాది చూపులు కలసిన శుభవేళ, 1989లో హై హై నాయకా. నాలుగూ కామెడీలే, మాయాబజార్ రాసిన పింగళి గారి మాటల్లో ఉన్న ఆ చిలిపితనం పేరులోంచే దిగిపోయింది, అది చాలా తెలివైన పని. తర్వాత వైవీఎస్ చౌదరి 2002లో లాహిరి లాహిరి లాహిరిలో అన్నారు, 2011లో అల్లరి నరేష్ మళ్ళీ అహ నా పెళ్ళంట అన్నాడు, 2021లో సత్య హీరోగా ఇంకో వివాహ భోజనంబు వచ్చింది. ఈ చివరిది నాకు బాగా నచ్చిన ఉదాహరణ, లాక్‌డౌన్‌లో పెళ్ళికొచ్చిన చుట్టాలు ఇంట్లోనే ఇరుక్కుపోతే పరమ పిసినారి పెళ్ళికొడుకు వాళ్ళందరికీ తిండి పెట్టాల్సిన కథ, టైటిల్ దానికోసమే పుట్టినట్టు ఉంది. (సిటీలో అదే పేరుతో సందీప్ కిషన్ హోటల్ కూడా ఉంది, అంటే ఒక పల్లవి మీద సినిమాలూ నడుస్తున్నాయి, భోజనాలూ నడుస్తున్నాయి.)

ఇక ఎంత పాత పాట తీసుకోవాలి అన్నది. నా లెక్కలో పాట వచ్చి ఒక తరం గడిచి ఉండాలి, అప్పుడు అది ఆ సినిమాది అన్న సంగతి సగం మంది మర్చిపోయి పాట మాత్రమే మిగులుద్ది. ఊహలు గుసగుసలాడే 1963 నాటి బందిపోటులోది, 2014లో అవసరాల శ్రీనివాస్ పెట్టుకుంటే విన్న కుర్రోళ్ళలో చాలామందికి అది ఎన్టీఆర్ పాట అని కూడా తెలీదు, కానీ చెవికి తెలిసిన పేరే. కథ కూడా ఒకడి ప్రేమ కోసం ఇంకొకడు మాటలు అందించేది, గుసగుస అన్నది అక్కడ ఊరికే అలంకారం కాదు. మళ్ళీ మళ్ళీ ఇది రాని రోజు 1986లో వచ్చిన చిరంజీవి రాక్షసుడులోది, 2015లో శర్వానంద్, నిత్యా మీనన్‌ల సినిమాకి పెడితే జారిపోయిన కాలం గురించి కథ అని టైటిలే చెప్పేసింది. 1955 మిస్సమ్మలోంచి 1999లో రావోయి చందమామ, 1992 ఘరానా మొగుడులోంచి 2014లో బంగారు కోడిపెట్ట, ఇలా చెప్పుకుంటూ పోతే రాత్రి అయిపోద్ది.

నిన్న మొన్నటి హిట్టు పాట పేరు పెట్టుకోవడం అంటే నాకు కొంచెం భయం. గబ్బర్ సింగ్‌లో కెవ్వు కేక 2012లో ఊపేసింది, మరుసటి ఏడాదే అదే పేరుతో అల్లరి నరేష్ సినిమా వచ్చేసింది, అప్పటికి ఇంకా ఆ పాట పవన్ ఫ్యాన్స్ నోట్లోనే ఉంది కదా, జనం సినిమాని కాకుండా పాటనే తలుచుకుంటారు. మినహాయింపు ఒకటుంది. పాట మీ సొంతదే అయితే సంగతి వేరే. 2004లో వర్షంలో నువ్వొస్తానంటే నేనొద్దంటానా అని త్రిష వానతో పాడుకుంది, 2005లో అదే ఎం.ఎస్. రాజు గారు, అదే దేవిశ్రీ ప్రసాద్, అదే సిరివెన్నెల గారు, మళ్ళీ త్రిషే, సినిమా పేరే అది. సొంత ఇంట్లో సరుకు, అడిగేవాడు ఎవడూ లేడు.

కీర్తనల దారి ఇంకోటి, ఇప్పుడు బాగా నడుస్తున్నది. శ్రీవిష్ణు ఖాతాలో రెండున్నాయి, 2019లో బ్రోచేవారెవరురా, 2023లో సామజవరగమన, రెండూ శంకరాభరణం పుణ్యమా అని తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి మళ్ళీ వచ్చినవే. మొదటిదానిలో గడుసుదనం చూడండి, దేవుణ్ణి నన్ను కాపాడేదెవరు అని అడిగే మైసూరు వాసుదేవాచార్ కీర్తన, దాన్ని తీసుకెళ్ళి దొంగ కిడ్నాప్ ఆడబోయి ఇరుక్కున్న ముగ్గురు కుర్రాళ్ళకి తగిలించాడు వివేక్ ఆత్రేయ, భక్తి పోలేదు, నవ్వు వచ్చింది. రెండోదాంట్లో త్యాగరాజ కీర్తనకి కథకి పెద్ద లింకు నాకైతే కనబడలేదు, కానీ అప్పటికే అల వైకుంఠపురములో పాట ఆ మాటని ఊరూరా తిప్పేసింది కాబట్టి పలకడం అందరికీ వచ్చు, అది చాలు అనుకున్నట్టున్నారు, ఆడింది కూడా బాగా. అన్ని రూల్స్‌కీ ఇలాంటి ఒకటి ఎదురు తగులుతూనే ఉంటది.

రెండు భాషల్లో తీస్తున్నారా, అయితే టైటిల్‌ని అనువాదం చెయ్యకండి, ఆ భాషలో ఆ పని చేసే పాటని వెతకండి. గౌతమ్ మీనన్ 2012లో తమిళంలో ఇళయరాజా గారి 1982 నాటి పాటలోంచి నీదానే ఎన్ పొన్వసంతం అని పెట్టారు, తెలుగుకి దాన్ని అనువదించకుండా 1996 నిన్నే పెళ్ళాడతాలోంచి ఎటో వెళ్ళిపోయింది మనసు తెచ్చుకున్నారు. ధనుష్ డైరెక్ట్ చేసిన 2025 సినిమాకి కూడా అంతే, తమిళంలో 1962 నాటి పి.బి. శ్రీనివాస్ పాట, తెలుగులో 1997 పెళ్ళి సినిమాలో బాలు గారి జాబిలమ్మ నీకు అంత కోపమా. చంద్రుడి అలక రెండు చోట్లా ఉంది, పాటలు మాత్రం ఎవరివి వాళ్ళవే.

ఇప్పుడు అందరూ భయపడే చోటు, హక్కులు. ఇక్కడ రెండు విషయాలు కలిపేసి లొల్లి చేసుకుంటారు, విడదీసి పెట్టుకోండి. టైటిల్‌గా ఒక లైన్ వాడుకోవడం వేరు, పాటని సినిమాలో వాడుకోవడం వేరు. పేరుకి కాపీరైట్ ఉండదని 2015లో దేసీ బాయ్జ్ అనే హిందీ సినిమా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి రెండు మూడు మాటల పల్లవి పెట్టుకున్నందుకు కాపీరైట్ కేసు నిలబడటం కష్టం. ట్రేడ్‌మార్క్ మాత్రం వేరే సంగతి, ఎవరైనా ఆ పేరు మీద రిజిస్టర్ చేసుకుని ఉంటే లేదా మీ సినిమాని వాళ్ళదే అని జనం పొరబడేలా ఉంటే అడ్డుపడొచ్చు, ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఒక సెర్చ్ కొట్టుకోండి, ఫ్రీయే.

పాట వాడుకోవాలంటే మాత్రం జేబులు చూసుకోవాలి. మన దేశంలో సాహిత్యానికి, సంగీతానికి రాసినవాళ్ళు పోయిన తర్వాత ఇంకో 60 ఏళ్ళు హక్కు ఉంటది, రికార్డింగ్‌కి అయితే విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ఈ లెక్క ఎంత తమాషాగా ఉంటదంటే, మాయాబజార్ 1957ది కాబట్టి ఆ రికార్డింగుల గడువు 2017తో అయిపోయింది, కానీ పింగళి గారు పోయింది 1971లో కాబట్టి ఆయన మాటలకి 2031 చివరిదాకా ఉంది. అంటే రికార్డు పాతబడింది కదా అని మీ ఫ్రెండ్ చేత గిటార్ మీద పాడించేసి పెట్టుకోవడం కుదరదు. త్యాగరాజు కీర్తనలకి ఈ గోల లేదు, ఎవరైనా పాడుకోవచ్చు, అయితే ఫలానా విద్వాంసుడు పాడిన రికార్డు ఎత్తుకొచ్చి పెడితే మళ్ళీ ఆ కంపెనీ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇంకోటి, ఆడియో కంపెనీ చేత సంతకం పెట్టించుకున్నాం కదా అయిపోయింది అని కూడా అనుకోకండి, 2024లో మలయాళం సినిమా మంజుమ్మెల్ బాయ్స్ వాళ్ళు గుణ సినిమా పాట వాడితే దానికి సంగీతం చేసిన ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీస్ వెళ్ళింది, పర్మిషన్ తీసుకున్నాం అని వాళ్ళు అన్నా సరే. ఎవరి దగ్గర ఏ హక్కు ఉందో కాయితం చూసి లాయర్‌తో ఒకసారి మాట్లాడించుకోవడం మేలు, ఎడిటింగ్ అంతా అయ్యాక పాట పీకేయాల్సొస్తే ఆ సీన్ పోయినట్టే.

జానపదం అయితే ఓనర్ లేడు కదా అంటారు. లవ్ స్టోరీ సినిమాలో సారంగదరియా పాట వచ్చినప్పుడు 2021లో ఏమైందో గుర్తుందిగా, ఆ పాటని ముందే సేకరించి పాడింది నేను అని ఒక జానపద గాయని ముందుకొస్తే వారాల తరబడి చర్చ నడిచింది. 2024లో ఆ మాటనే టైటిల్‌గా పెట్టుకుని రాజా రవీంద్ర సినిమా ఒకటి వచ్చింది కూడా. ఊరి పాట తీసుకుంటే పాడినవాళ్ళ దగ్గరికి ముందే వెళ్ళండి, డబ్బు సంగతి మాట్లాడండి, పేరు వేస్తాం అని చెప్పి నిజంగా వేయండి.

చట్టం సంగతి ఎలా ఉన్నా ఇండస్ట్రీలో టైటిల్ మీదవ్వాలంటే ఫిల్మ్ నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ (సినిమావాళ్ళ సంఘం) దారి పట్టాల్సిందే, ప్రొడ్యూసర్ పేరు మీద రిజిస్టర్ చేయించాలి, ముందే ఎవరైనా ఆ పేరు పట్టుకుని కూర్చున్నారేమో కనుక్కోవాలి. కథ మొదలవ్వకుండానే టైటిల్ కట్టేసి పెట్టుకునే వాళ్ళు మస్తు మంది ఉంటారు. ఆలస్యం చేస్తే ఏమవుద్దో 2010 చెప్పింది, ఖలేజా పేరు వేరేవాళ్ళ దగ్గర ఉండటంతో మహేష్ ఖలేజా అయ్యింది, కత్తి కాస్తా కళ్యాణ్ రామ్ కత్తి అయ్యింది. స్టార్ ఉంటే పేరు ముందు తగిలించి బయటపడొచ్చు, మన ఫ్రెండ్ పేరు తగిలిస్తే ఏం లాభం. యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్ వాళ్ళకి ఈ తిరుగుడు పెద్దగా అక్కర్లేదు, కానీ వాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది, హిట్ పాట పేరు పెడితే సెర్చ్‌లో మొదటి పేజీ అంతా ఆ పాటే, లిరికల్ వీడియో, కవర్లు, డాన్సులు, మీ సినిమా ఎక్కడో అడుగున. వీడియో పేరులోనే షార్ట్ ఫిల్మ్ అని, ఏడాది, నటుల పేర్లు కలపండి, థంబ్‌నెయిల్ పాటని గుర్తుచేయకుండా ఉండేలా చూడండి.

పేరు కాదు, పాటలో ఉన్న కథనే సినిమా చేస్తాం అనేవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క. అమెరికాలో బాబీ జెంట్రీ 1967లో ఓడ్ టు బిల్లీ జో అని పాడింది, ఒక కుర్రాడు బ్రిడ్జి మీద నుంచి దూకేశాడు, ఎందుకో పాట చెప్పదు, అన్నం తింటూ ఇంట్లోవాళ్ళు మాట్లాడుకుంటుంటే మనం వింటాం అంతే. 1976లో దాన్ని సినిమా తీసినప్పుడు ఎందుకు దూకాడో కారణం చెప్పేశారు. నాకైతే పాటలో ఉన్న బరువు అక్కడే పోయింది అనిపిస్తది. పాట మూడు నాలుగు నిమిషాల్లో వదిలేసిన ఖాళీలన్నీ రెండు గంటల్లో పూడ్చేయాలని లేదు, పాటకి ముందు రోజో, తర్వాత పదేళ్ళకో వెళ్ళి కథ చెప్పండి, అసలు ముడి మాత్రం అలాగే ఉంచండి.

సినిమా టైటిల్ కార్డుల్లో పల్లవి రాసిన కవి పేరు వేయండి, చట్టం అడగకపోయినా. దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే అన్న టైటిల్ 1974 నాటి పాటలోంచి తీసి చెప్పింది కిరణ్ ఖేర్ అని ఆ సినిమా టైటిల్స్‌లోనే వేశారు, సలహా ఇచ్చినందుకే అంత మర్యాద ఉంటే రాసినాయనకి ఎంత ఉండాలి. ఇంకా షూటింగ్ మొదలవ్వకముందే ఇంకో రెండు టైటిళ్ళు రాసి పక్కన పెట్టుకోండి, వాటిల్లో ఒక్కటైనా ఏ పాటలోదీ కాకుండా ఉంటే మంచిది, ఛాంబర్‌లో ఇది కుదరదు అన్నప్పుడు మళ్ళీ టీ కొట్టు దగ్గర మొదలుపెట్టే పని తప్పుద్ది.