విజిల్ వేయని కుక్కరుతో రోజువారీ వంట

స్టవ్ మీద కుక్కరు పెట్టి, పక్క గదిలో మరో పని చూసుకుంటూ విజిళ్లు లెక్కపెట్టడానికి అలవాటుపడినవారికి, మూడు లీటర్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కరు మొదట్లో కొంత అయోమయంగానే ఉంటుంది. అది కూత వేయదు. "కందిపప్పుకు నాలుగు విజిళ్లు రానిచ్చి, తరవాత సిమ్‌లో అయిదు నిమిషాలు ఉంచు" అని మా అమ్మ ఫోనులో చెప్పిన లెక్కను నిమిషాల్లోకి మార్చుకునేలోగా నేను పప్పును రెండుసార్లు పలుకుగా దించాను, ఒకసారి అడుగంటించాను. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో అన్నం, పప్పు, కూర, వారానికోసారి మాంసం, అప్పుడప్పుడు ఇడ్లీ వండుకునేవారికి ఈ చిన్న కుక్కరు ఎలా పనికివస్తుందో, ఆ తప్పులన్నీ చేశాక కుదిరిన లెక్కలతో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఇది స్టవ్ మీది కుక్కరుకు ఎక్కడ తేడాగా ఉంటుందో తెలుసుకోవాలి. మన మామూలు కుక్కరులో వెయిట్ లేచేది సుమారు 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 15 పౌండ్లు) ప్రెషర్ దగ్గర. అప్పుడు లోపలి నీరు దాదాపు 121 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఎలక్ట్రిక్ కుక్కర్లలో చాలావాటికి హై ప్రెషర్ అన్నా 10 నుంచి 12 పీఎస్ఐ మాత్రమే, వేడి 115 నుంచి 117 డిగ్రీల వరకే. ఆ నాలుగు నుంచి ఆరు డిగ్రీల తేడా చిన్నదిగా కనిపించినా, గట్టి పప్పుల దగ్గరా మాంసం దగ్గరా అది బాగా తెలుస్తుంది. అందుకని స్టవ్ మీద పట్టే సమయానికి ఇక్కడ ఆరింట ఒక వంతో అయిదింట ఒక వంతో కలుపుకోవాలి. విజిళ్లను నిమిషాల్లోకి మార్చే కచ్చితమైన సూత్రం మాత్రం లేదు. మంట పెద్దదైతే విజిల్ త్వరగా వస్తుంది, కుక్కరులో నీళ్లు ఎక్కువైతే ఆలస్యంగా వస్తుంది. కాబట్టి విజిళ్ల లెక్కను మరచిపోయి, నిమిషాల లెక్కను కొత్తగా నేర్చుకోవడమే సులువు.

ఆ నిమిషాల విషయంలో కూడా ఒక మెలిక ఉంది. ఎనిమిది నిమిషాలు అని నొక్కితే ఎనిమిది నిమిషాల్లో అన్నం వస్తుందని అనుకోకూడదు. 700 వాట్ల చిన్న కుక్కరు ఒకటి రెండు గ్లాసుల నీటిని మరిగించి ప్రెషర్ పట్టడానికి ఏడు నుంచి పది నిమిషాలు తీసుకుంటుంది. మూత మీది చిన్న లోహపు పిన్ను సన్నగా బుస కొడుతూ ఆవిరి వదిలి, చివరకు టక్కున పైకి లేచి మూసుకుంటుంది. ఆ తరవాత ప్రెషర్ పూర్తిగా పట్టాకే టైమరు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. వంట అయిపోయాక ప్రెషర్ దానంతట అది దిగడానికి మరో పది పదిహేను నిమిషాలు. అంటే ఎనిమిది నిమిషాల అన్నం నిజానికి అరగంట అన్నం. ఆ అరగంటలో స్టవ్ దగ్గర నిలబడనక్కర లేకపోవడమే దీని లాభం తప్ప, వేగం కాదు.

నీళ్ల సంగతి దీనికన్నా ముఖ్యమైనది. స్టవ్ మీది కుక్కరు ప్రతి విజిలుకూ కొంత ఆవిరిని బయటికి తోస్తుంది. ఇది ప్రెషర్ పట్టాక దాదాపు ఏమీ వదలదు. పోసిన నీళ్లన్నీ గిన్నెలోనే ఉంటాయి. పాత కొలతలతో వండితే కూర నీళ్లనీళ్లగా, అన్నం ముద్దగా వచ్చేది ఇందుకే. అలాగని మరీ తగ్గించినా కుదరదు: మూడు లీటర్ల కుక్కరుకు కనీసం ఒక పెద్ద కప్పు, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్లో పల్చటి పులుసో ఉండాలి, లేకపోతే ప్రెషర్ పట్టదు, అడుగంటుతుంది. పైకి మూడింట రెండు వంతులు దాటకూడదు. బియ్యం, పప్పు, శనగలు వంటి నురగ కట్టేవీ ఉబ్బేవీ అయితే సగం దగ్గరే ఆపాలి. మూడు లీటర్లు అంటే నిజంగా వండుకోగలిగేది లీటరున్నర అని గుర్తుంచుకుంటే పొరపాటు జరగదు.

ఇక అన్నం. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలా కుక్కర్లలో 180 మిల్లీలీటర్లు, వంట పుస్తకాల కప్పు 240. రెండూ ఒకటే అనుకుంటే కొలతలన్నీ తప్పుతాయి. ఏ కప్పు తీసుకున్నా బియ్యానికీ నీళ్లకూ అదే వాడాలి. సోనా మసూరి ఒక కప్పుకు, కడిగి ఇరవై నిమిషాలు నానబెడితే, కప్పున్నర నీళ్లు చాలు. ఆరు నిమిషాలు పెట్టి, ఆగాక పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి. మెత్తగా కావాలనుకునేవారు రెండు కప్పుల వరకు పోసుకోవచ్చు. కొత్త బియ్యమైతే నీళ్లు పావు కప్పు తగ్గించాలి, పాత బియ్యమైతే కాస్త పెంచాలి. ఇది ఏ కుక్కరైనా మారని సంగతే.

అయితే నా దృష్టిలో ఈ చిన్న కుక్కరు అసలు విలువ తెలిసేది కింద పప్పు, పైన అన్నం ఒకేసారి వండినప్పుడు. కుక్కరు లోపలి గిన్నెలో అర కప్పు కందిపప్పు, అరగంట ముందే నానబెట్టి, కప్పున్నర నీళ్లు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేయాలి. నూనె నురగను అణచడానికి. దాని మీద కాళ్లు ఎత్తుగా ఉన్న స్టీలు స్టాండు నిలపాలి. పొట్టి స్టాండయితే పప్పు ఉబ్బి పై గిన్నె అడుగుకు అంటుకుంటుంది. ఆ స్టాండు మీద, చుట్టూ వేలు పట్టేంత సందు వదిలే వెడల్పున్న స్టీలు గిన్నెలో కడిగి నానబెట్టిన బియ్యం ఒక కప్పు, నీళ్లు రెండు కప్పులు పోసి పెట్టాలి. పై గిన్నె కుక్కరు మూతకు తగలకూడదు. సందు లేకుండా బిగుతుగా కూర్చునే గిన్నె అయితే ఆవిరి పైకి రాక బియ్యం పలుకుగా మిగులుతుంది. ఎనిమిది నిమిషాలు నొక్కి, ఆగాక మరో పది నిమిషాలు ఆగి, మిగిలిన ఆవిరి వదిలి మూత తీయాలి. పై గిన్నెను పట్టకారుతో ఎత్తితే, మెతుకు మెతుకుగా కాకుండా కలుపుకోవడానికి వీలైన మెత్తదనంలో అన్నం, కింద గరిటెతో నాలుగుసార్లు మెదిపితే చాలునన్నట్టు పప్పు ఉంటాయి. ఆ తరవాత స్టవ్ మీద తాలింపు పెట్టుకుంటే ఒక పూట భోజనం అయినట్టే.

పప్పులో పులుపు ముందే వేయడం చాలామంది చేసే పొరపాటు. చింతపండు, టమాటా, మామిడికాయ, గోంగూర, వీటిలో ఏది ముందు వేసినా ఆ పులుపు పప్పు గింజను మెత్తబడనివ్వదు. తక్కువ ప్రెషర్ ఉన్న ఈ కుక్కరులో అది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గోంగూర పప్పు చేసేటప్పుడు నేను అన్నం గిన్నె స్థానంలో ఆకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు వేసిన గిన్నె పెట్టి, ఉడికాక రెండూ కలిపి ఎనుపుతాను. టమాటా పప్పుకూ ఇదే పద్ధతి. సాంబారుకు చింతపండు రసం, ముక్కలు పప్పు ఉడికాకే వేసి సాటే బటన్ (మూత లేకుండా వేయించడానికీ మరిగించడానికీ ఉండేది) మీద మరిగించుకోవాలి.

నురగ కట్టే వంటకాలకు ఆవిరిని ఎలా దించాలన్నది వేరే పాఠం, అది నేను గోడను కడిగి నేర్చుకున్నాను. బియ్యం, పెసరపప్పు సమంగా వేసి కట్టె పొంగలి పెట్టిన మొదటిసారి, ఆఫీసుకు ఆలస్యమవుతోందని టైమరు ఆగిన వెంటనే మూత మీద ఆవిరి వదిలే మీటను తిప్పేశాను. ముందు తెల్లటి ఆవిరి, ఆ వెనకే చిక్కటి గంజి పిచికారీలా లేచి పై అల్మరా తలుపు మీద, టైల్స్ మీద పడి ఎండిపోయింది. పొంగలి, కిచిడీ, పప్పు, శనగలు, జావ, ఇవన్నీ ప్రెషర్ దానంతట అది దిగాల్సినవే. తప్పదనుకుంటే కనీసం పది నిమిషాలు ఆగి, మీటను కొద్దికొద్దిగా తిప్పాలి. కూరగాయ ముక్కలకు మాత్రం ఇందుకు విరుద్ధంగా వెంటనే ఆవిరి వదలాలి, లేకపోతే ఆ వేడికే చితికిపోతాయి. బంగాళాదుంప ముక్కలకు నాలుగు నిమిషాలు, సొరకాయకు రెండు, వంకాయకు ఒకటి చాలు. మీటను తిప్పేటప్పుడు చేయి పక్క నుంచి పెట్టాలి, చెక్క గరిటె కాడతో తోస్తే ఇంకా మంచిది. కుక్కరును చెక్క అల్మరాల కింద ఉంచి ఆవిరి వదిలితే నాలుగు నెలల్లో ఆ చెక్క ఉబ్బుతుంది.

గుగ్గిళ్లకు శనగలు రాత్రంతా నానితే పదిహేను నిమిషాలు, నానకపోతే నలభై. రాజ్మాకు నానినా ఇరవై నిమిషాలు పెట్టడం మేలు. ఇక్కడ ఒక హెచ్చరిక: కొన్ని కుక్కర్లలో నెమ్మదిగా వండే స్లో కుక్ పద్ధతి కూడా ఉంటుంది, అందులో పచ్చి రాజ్మా ఎన్నడూ వండకూడదు. ఆ గింజలో ఉండే ఒక విషపదార్థం మరిగే వేడిలోనే నశిస్తుంది. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికినా అది పోదు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. ప్రెషర్ పద్ధతిలో ఆ భయం లేదు.

మాంసం కూరలకు ముందు సాటే బటన్ మీద ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించుకుంటాం కదా, అప్పుడే అడుగున కొంత అంటుకుంటుంది. దాన్ని అలాగే వదిలి మూత పెడితే కుక్కరు కాసేపటికి బర్న్, అంటే అడుగంటుతోంది అని చూపించి ఆగిపోతుంది. ఒక పెద్ద కప్పు వేడి నీళ్లు పోసి, చెక్క గరిటెతో అడుగంతా గీకి, ఏమీ అంటుకోలేదని చూసుకున్నాకే మాంసం వేయాలి. టమాటా వేసేది ఉంటే పైన పరిచి కలపకుండా వదలాలి. ఎముకతో ఉన్న వేట మాంసానికి ఇరవై అయిదు నుంచి ముప్పై నిమిషాలు పెట్టి ప్రెషర్ దానంతట దిగనివ్వాలి, తొందరపడి ఆవిరి వదిలితే ముక్క గట్టిపడుతుంది. కోడికి ఏడు నిమిషాలు చాలు. మూత తీశాక రసం పల్చగా కనిపిస్తుంది, అది మామూలే. మూత లేకుండా మళ్లీ సాటే మీద అయిదారు నిమిషాలు ఇగరబెట్టాలి.

ఇడ్లీలకు ప్రెషర్ అక్కర లేదు. అడుగున గ్లాసుడు నీళ్లు పోసి మరిగాక చిన్న ఇడ్లీ స్టాండు పెట్టి, మీటను ఆవిరి వదిలే వైపే ఉంచి పన్నెండు నిమిషాలు ఉడికించాలి. ప్రెషర్ పట్టదు కనుక చాలా కుక్కర్లలో టైమరు కదలదు, ఫోనులో విడిగా పెట్టుకోవాల్సిందే. పెరుగు బటన్ ఉన్న కుక్కరయితే చలిదేశాల్లో ఉన్నవారికి అది వరమే: కాచి, గోరువెచ్చగా అంటే 43 డిగ్రీల దగ్గరకు చల్లార్చిన పాలలో తోడు కలిపి ఎనిమిది గంటలు ఉంచితే తోడుకుంటుంది. పరమాన్నం మాత్రం పాలతో ప్రెషర్ పెట్టవద్దు. బియ్యాన్ని నీళ్లలో మెత్తగా ఉడికించి, తరవాత కాచిన పాలు కలిపి, కుక్కరు కట్టేసి కాస్త చల్లారాక బెల్లం పాకం వేస్తే విరగదు.

వేపుళ్లకు ఇది పనికిరాదు. ఇరుకు గిన్నెలో బెండకాయ ముక్కలు వేగవు, జిగురు కట్టి మగ్గుతాయి. నూనె పోసి గారెలో బజ్జీలో వేయించడం, అదీ మూత పెట్టి వేయించడం, ప్రమాదమే.

శుభ్రం చేయడంలో అందరూ మరచిపోయేది మూత లోపలి సిలికాన్ రబ్బరు. అది మసాలా వాసనను పట్టి ఉంచుతుంది. నిన్నటి మటన్ వాసన ఇవాళ్టి పరమాన్నానికి అంటకుండా రెండు రబ్బర్లు, కారానికి ఒకటి, తీపికి ఒకటి ఉంచుకోవడం మంచిది. రోజూ తీసి కడిగి, ఆరబెట్టి, గాడిలో చుట్టూ సమంగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ప్రెషర్ పట్టక పక్కల నుంచి ఆవిరి కారుతుంటే పదింట తొమ్మిదిసార్లు రబ్బరు సరిగా కూర్చోకపోవడమే కారణం. లేచే పిన్ను చుట్టూ గంజి ఎండి అంటుకున్నా అదే పరిస్థితి. దాన్ని తీసి పాత బ్రష్షుతో తోమాలి. సాగిపోయిన, పగిలిన రబ్బరును మార్చేయాలి. కరెంటు తగిలే బయటి డబ్బాను నీళ్ల కింద పెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

వంట మధ్యలో కరెంటు పోతే మూత తీయడానికి ప్రయత్నించవద్దు, ప్రెషర్ మెల్లగా దానంతట దిగుతుంది. కరెంటు వచ్చాక అప్పటిదాకా అయిన నిమిషాలు తీసేసి మిగిలినవే పెట్టాలి. ఇంటి ఇన్వర్టర్ మీద 700 వాట్ల కుక్కరు నడపకపోవడమే మేలు.

పైన చెప్పిన సమయాలన్నీ విజయవాడకూ విశాఖకూ సరిపోతాయి, సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదుకూ మార్చనక్కర లేదు. 600 మీటర్లు దాటితే ప్రతి 300 మీటర్లకూ సమయం నూటికి అయిదు వంతున పెంచుకోవాలన్నది లెక్క. బెంగళూరులో అయిదు శాతం, అమెరికాలో డెన్వర్ వంటి చోట పదిహేను శాతం. అమెరికా నుంచి అమ్మకో అత్తగారికో కానుకగా తెచ్చే కుక్కర్ల గురించి ఒక మాట: అవి 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పిన్ను మార్చే అడాప్టరు మాత్రమే తగిలించి పెడితే కాలిపోతాయి, దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ కొని వంటింట్లో పెట్టుకోవడం కన్నా ఇక్కడే 230 వోల్టులది కొనివ్వడం చవక.